తీగకెక్కని కవరు

మా ఇంట్లో ఉత్తరానికి ఒక పద్ధతి ఉండేది. వచ్చిన ఉత్తరాన్ని చదివించుకుని గోడ గూట్లో పెట్టేవాళ్ళు. దానికి జవాబు రాసి టపా డబ్బాలో వేసిన రోజు, గూట్లోంచి తీసి, దూలానికి వేలాడే ఇనుప తీగకు గుచ్చేవాళ్ళు. తీగ కింది కొసన గుండ్రటి చెక్క ముక్క ఉండేది. పై కొసను సూదిలాగా సానబట్టి, కొక్కెంలాగా వంచారు. కవరుతో సహా నడిమధ్యన గుచ్చాలి. ఇది మా తాత పెట్టిన కట్టుబాటు. గూట్లో ఉత్తరం ఉందంటే పని మిగిలి ఉన్నట్టు, తీగకెక్కిందంటే ఆ ముచ్చట ముగిసినట్టు. తాత నేను పుట్టకముందే పోయాడు. తీగ మాత్రం ముందు అర్ర మధ్యలో, పొడుగువాళ్ళ నెత్తికి తగిలే ఎత్తులో, నా చిన్నతనమంతా వేలాడుతూనే ఉంది.

ఒక్క కవరు మాత్రం గూట్లోనూ లేదు, తీగ మీదా లేదు. అది మా నాయనమ్మ సందుగ పెట్టెలో, పాత రైకగుడ్డలో చుట్టి ఉండేది. అది ఆమెకు వచ్చిన ఉత్తరం కాదు. ఆమె పంపితే తిరిగొచ్చిన ఉత్తరం.

దాని కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నాయనమ్మ పుట్టిల్లు కొండాపూర్ వైపు. తల్లీతండ్రీ పోయాక ఒక్కగానొక్క తమ్ముణ్ణి తన వెంట అత్తగారింటికి తెచ్చుకుంది. నిజాం జమానా చివరి రోజులు. ఒకనాడు ఆమె చేతి వెండి కడియం కనబడలేదు. నలుగురూ అన్నాలు తింటుండగా "నువ్వు తీసినవారా?" అని తమ్ముణ్ణి అడిగింది. అతను ఔననలేదు, కాదనలేదు. తింటున్న పళ్ళెం కడిగి బోర్లించి, తువ్వాల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రెండు నెలలకు జొన్నలు అయిపోయి గుమ్మి అడుగు ఊడుస్తుంటే కడియం బయటపడింది. గింజలు తోడేటప్పుడు ఆమె చేతినుంచే జారిపడింది. అప్పటికి అతను నాందేడ్‌లో బట్టల మిల్లులో కుదిరాడని కబురు తెలిసింది. నాయనమ్మ పట్వారీ దగ్గరికి పోయి ఉత్తరం రాయించింది. కడియం దొరికింది, తప్పు నాది, ఇంటికి రా అని. వర్షాకాలం ముగిసేలోగా ఆ కవరు వెనుదిరిగి వచ్చింది. దాని వెనక నాలుగు చేతులు నాలుగు రకాల సిరాతో రాసిన రాతలున్నాయి. అన్నింటి అర్థం ఒకటే: ఈ పేరుగల మనిషి ఇక్కడ లేడు.

ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు.

రాఖీ పున్నమనాడు నాయనమ్మ సందుగ తీసి, ఆ గుడ్డ మూటకు కుంకుమ బొట్టు పెట్టి, ఒక దారం చుట్టి మళ్ళీ లోపల పెట్టేది. యాభై ఏళ్ళ దారాలు. కొన్ని రంగు వెలిసి గుడ్డలో కలిసిపోయాయి. చిన్నప్పుడు ఒకసారి "ఒక్కపారి విప్పి చూద్దామే అవ్వా" అని గునిశాను. "వాని పేరు మీదున్నది. నేనెట్ల విప్పుత? అది వానిది" అంది. నీదే కదా, నువ్వే కదా రాయించింది అన్నాను. "డబ్బల ఏసినంక నాది కాదు బిడ్డా" అంది. ముసలామె చాదస్తం అనుకున్నాను.

తొంభైల చివర్లో నేను జిన్నారం దగ్గరి ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. ఇంటర్ అయింది, పైచదువు కాలేదు. మూతికి గుడ్డ కట్టుకున్నా గోలీల పొడి నోట్లోకి పోయేది. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చి అన్నం తింటే అన్నమూ చేదే. పండక్కి బూరెలు చేస్తే బూరెలూ చేదే. మా అమ్మ నా ముఖం చూసి "ఏం తింటున్నవో ఏమో, నీకు దయ్యం వట్టినట్టున్నది" అనేది. సంగారెడ్డిలో కంప్యూటర్ సెంటర్లు కొత్తగా తెరిచారు. ఆరు నెలల కోర్సు చేస్తే కుర్చీలో కూర్చునే ఉద్యోగం వస్తుందని నా పక్కన ప్యాకింగ్ చేసే పిల్ల చెప్పింది. ఫీజు నా మూడు నెలల జీతం. ఆ జీతం మాత్రం రాకముందే ఇంటి ఖర్చులకు పోయేది. బాపు భూమిలో బోరు నీళ్ళు ఎర్రబారి వరి ఎండిపోయింది. తాగే నీళ్ళు ట్యాంకరే. ఆ ఇంట్లో కంప్యూటర్ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. కానీ ఆ చేదులోంచి బయటపడాలనే కోరిక మాత్రం రోజురోజుకూ పెరుగుతూ పోయేది. ఇది ముందే చెబుతున్నాను. తర్వాత చేసిన పనికి ఇది సాకు అనుకుంటారో, కారణం అనుకుంటారో మీ ఇష్టం.

మా కంపెనీలో స్టోర్స్ చూసే ఆఫీసరు గుంటూరు వైపు మనిషి. ఏనాడో ఇటువైపు ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక మా దగ్గర చేరాడు. చేతి తొడుగుల కోసం ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి, ఆయన అన్నం డబ్బా పక్కకు నెట్టి, పట్టకారుతో ఒక స్టాంపును ఎత్తి వెలుగులోకి పట్టి చూస్తున్నాడు.

"సార్, గిసొంటివి మా ఇంట్ల బొచ్చెడున్నయ్" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి జరిపాడు. "నిజాం కాలంవా? పట్రా అమ్మా, చూద్దాం."

మర్నాడు నా చిన్నప్పటి నోటుబుక్కు గర్వంగా తీసుకెళ్ళాను. బళ్ళో స్టాంపుల పిచ్చి పట్టిన ఏడు, తీగ మీది కవర్లలోంచి పాతిక దాకా స్టాంపులు కత్తిరించి, అందులో అన్నం మెతుకులతో అతికించాను. కొన్నింటిని మా బోరు నీళ్ళలో నానబెట్టి ఊడదీశాను కూడా. అవి ఛాయ్ రంగుకు తిరిగాయి. ఆయన మొదటి పేజీ తిప్పి, రెండో పేజీ తిప్పి, పుస్తకం మూసి తల పట్టుకున్నాడు.

"కత్తిరించావా తల్లీ? నీ చేతులతోనే?"

"నీటుగ కోసిన గద సార్."

"నీటుగా కోశావు. కోడిని కోసినట్టు కోశావు" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, కూర్చోబెట్టి చెప్పాడు. విడి స్టాంపు విలువ వేరు, కవరు మీద ఉన్న స్టాంపు విలువ వేరు. స్టాంపు మీదుగా పడిన ముద్ర, ఏ ఊరి టపా, ఏ రోజు, ఏ దారిన పోయింది, ఇవన్నీ కలిస్తేనే కవరు. "కత్తెర పడని కవర్లేమైనా మిగిలాయా?"

తీగ మొత్తం ఇమ్మని నాయనమ్మను అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చింది. అప్పటికే ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మింది. "తీస్కపో. గవన్ని అయిపోయిన ముచ్చట్లు" అంది. "సందుగలది మాత్రం ముట్టకు."

తీగ మీది ఉత్తరాలను ఆయన ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. ప్రతి కవరు నడిమధ్యలో చిల్లు. స్టాంపును వెనక మూత మీద అతికించిన కొన్నింటిలో ఆ చిల్లు సరిగ్గా స్టాంపు గుండెలోంచే పోయింది. నాలుగు మూలలా పసుపు రాసిన పెళ్ళి ఉత్తరాలు ఉన్నాయి. మాకు అది శుభం, ఆయనకు అది మరక. తీగ తుప్పు ప్రతి చిల్లు చుట్టూ గోధుమరంగు వలయం కట్టింది. "మీ తాతగారెవరో గానీ, చాలా క్రమశిక్షణ గల మనిషి. ఒక్కటీ వదల్లేదు" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, తాత మీద కోపమూ వచ్చింది. గూట్లో వదిలేస్తే ఏం పోయేది పెద్దమనిషికి!

ఒక్క ఉత్తరం దగ్గర మాత్రం ఆయన ఆగాడు. అతికించిన స్టాంపు లేదు, మామూలు కార్డు. తాతకు మేనమామ వరసాయన ఎవరో రాసింది. "మీ వాగు నీళ్ళతో వండిన పప్పు మెత్తదనం మా దగ్గర ఏ నీళ్ళకూ రాదు, బండి వస్తే రెండు కుండల నీళ్ళు పంపు" అని. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "దీనికి ఎవడూ పైసా ఇవ్వడు. కానీ ఇందులో ఉన్నంత చరిత్ర వీటన్నిట్లో లేదు. ఇంట్లోనే జాగ్రత్తగా పెట్టుకోండి."

ఆ కార్డు చదివి వినిపిస్తే బాపు మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. "గీ వాగేనా?" అన్నాడు. మా వాగు పక్కనుంచి పోయేవాళ్ళు అప్పటికే ముక్కు మూసుకుని పోతున్నారు.

చిల్లు పడని కవరు ఒక్కటైనా లేదా అని స్టోర్స్ ఆఫీసరు అడిగినప్పుడు నేను లేదనాల్సింది. అడిగిన ప్రతిదానికీ ఎదురుచెప్పే నా నోరు ఆ రోజెందుకో వినయంగా, "ఒక్కటున్నది సార్. పంపితే వాపసొచ్చింది. విప్పలే" అంది. ఆయన చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టేశాడు. విప్పలేదా, అతికించింది అతికించినట్టే ఉందా, వెనక రాతలున్నాయా, ముద్రలు ఎన్ని, అని ప్రశ్న మీద ప్రశ్న. అట్లాంటిది ఉంటే తనకు తెలిసిన సేకరణదారులు ఏమిస్తారో అందాజుగా చెప్పాడు. కంప్యూటర్ ఫీజు కట్టి, ఇంకో నెల బస్సు పాసుకు మిగిలేంత.

ఆ రోజు బస్సులో పటాన్‌చెరు వైపు పొగ గొట్టాలు చూస్తూ మనసులో లెక్కలు కట్టాను. ఆ తమ్ముడు బతికి ఉంటే డెబ్భై దగ్గర పడి ఉంటాడు. బతికి ఉండడు. ఆ ఉత్తరం ఎవరికీ అందదు, ఎవరూ చదవరు. లోపల రాసింది ఇంటిల్లిపాదికీ తెలుసు. చనిపోయినవాడి పేరు మీదున్న కాగితం సందుగలో చెదలు పట్టేకంటే బతికున్న మనవరాలికి పనికొస్తే తప్పా? ఇంత చక్కగా వాదించుకోగలిగాను కాబట్టే అది తప్పని నాకు తెలుసు. తప్పు కాని పనికి అంత వాదన అక్కర్లేదు.

అడిగి చూశాను. అడగలేదనే మాట లేకుండా, ఒకే ఒక్కసారి. "అవ్వా, సందుగల కవరు అమ్మితే మంచి పైసలొస్తయట."

"మంది సొమ్ము ఎట్లమ్ముత?" అంది. అంతే. ఇంకో మాటకు చోటివ్వలేదు.

ఒక ఆదివారం ఆమె మా మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు సందుగ తెరిచాను. దారాలు తెంపలేదు. గుడ్డ ఒక పక్కకు లాగి, కవరును నెమ్మదిగా ఈనెలాగా బయటికి జార్చాను. మూట పల్చబడింది. చేత్తో ఎత్తితే తెలుస్తుందని, వాపసు తెచ్చిన తీగ మీది కవర్లలోంచి అదే సైజుది ఒకటి తీసి, చింపిన అంచు అతికించి అందులోకి తోశాను. ఆమెకు కళ్ళు కనబడవు కదా. నేను కళ్ళ గురించే ఆలోచించాను.

స్టోర్స్ ఆఫీసరు ఆ కవరును రెండు చేతులతో అందుకున్నాడు. "మీ నాయనమ్మగారికి చెప్పావా?"

"చెప్పిన సార్."

"లోపల ఏం రాశారో మీకెవరికైనా తెలుసా?"

"తెల్వదు సార్" అని మళ్ళీ అబద్ధమాడాను.

"అదే దీని అందం" అన్నాడు. భూతద్దం పెట్టి వెనక రాతల్ని, ముద్రల్ని చూపిస్తూ పోయాడు. ఈ గుండ్రటిది బయల్దేరిన టపా, ఇది చేరిన టపా, ఇక్కడ మిల్లు గదులన్నీ తిరిగి వెతికినట్టున్నారు, ఇది వాపసు ముద్ర. ఆయన గొంతులో ఎంత సంబరమో. ఒక మనిషిని వెతికి వెతికి కనబడలేదని తేల్చిన రాతలవి. దొంగకు తేలు కుట్టినట్టు నేను తలూపుతూ కూర్చున్నాను.

ఆ పైసలతో కోర్సు పూర్తయింది. సంగారెడ్డిలో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగం వచ్చింది. నెల తిరిగేసరికి నోట్లో చేదు పోయింది. కూర రుచి మళ్ళీ కూర రుచిలాగే తెలిసింది. నేను సంతోషపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుపడను, నిజంగానే సంతోషపడ్డాను. నాయనమ్మ కూడా సంబరపడి, ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ "మా పిల్ల కుర్సీల కూసుంటది" అని చెప్పింది. ఆ సంబరమే నన్ను ఎక్కువ కాల్చింది. కానీ అసలు బాధ రాఖీ పున్నమనాడు మొదలైంది. ఆమె సందుగ తీయించి, మూటను ఒళ్ళో పెట్టుకుని, తడుముకుంటూ బొట్టు పెట్టి, దారం చుట్టమని నా చేతికే ఇచ్చింది. చూపు పూర్తిగా మందగించింది కదా, ముడి వేయడం ఆమెకు రావడం లేదు. చిల్లు పడ్డ ఎవరిదో కవరుకు నా చేత్తో నేను రాఖీ కట్టాను. ముడి వదులుగా వేస్తే "గట్టిగ కట్టు, జారిపోతది" అంది. తర్వాతి ఏడు కూడా నేనే కట్టాను. ఆ తర్వాతి ఏడు పున్నమనాడు ఆఫీసులో పని ఉందని అబద్ధం చెప్పి సంగారెడ్డిలోనే ఉండిపోయాను.

మళ్ళీ కొనేద్దామని స్టోర్స్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. "అది నా దగ్గర లేదమ్మా, ఎప్పుడో వేరే ఆయన తీసుకున్నాడు" అన్నాడు. నా ముఖం చూసి, హైదరాబాదులో స్టాంపుల ప్రదర్శన జరుగుతోందనీ, ఆ కవరు అక్కడ పెట్టారనీ, కావాలంటే చూసి రమ్మనీ చెప్పాడు.

వెళ్ళాను. వరసగా నిలబెట్టిన అద్దాల చట్రాల్లో ఒకచోట, నల్ల కాగితం మీద, మా నాయనమ్మ తమ్ముడు ఉన్నాడు. ముందువైపు ఉర్దూలో అతని పేరు. వెనకవైపు రాతల్ని ఫోటో తీసి పక్కనే అంటించారు. కింద ఇంగ్లీషులో టైపు చేసిన చీటీ. ఏ ముద్ర ఎక్కడిదో ఉంది. బట్వాడా కాలేదని ఉంది. తెరవలేదని, స్థితి చాలా బాగుందని ఉంది. ఎవరు రాశారో, ఎవరికి రాశారో లేదు. గంటన్నర అక్కడే నిలబడ్డాను. వచ్చినవాళ్ళు వంగి ముద్రలు చూశారు, ఒకరిద్దరు నోటుబుక్కులో రాసుకున్నారు. ఒక్కరూ పేరు చదవలేదు. చట్రం యజమానిని వెతికి ధర అడిగితే, నా ఏడాది జీతం దాటింది. ఆయన మర్యాదగానే చెప్పాడు. నాకు మాత్రం ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టాల్సింది నన్నేనని తెలుసు కాబట్టి బస్సెక్కి వచ్చేశాను.

నాయనమ్మ మంచం పట్టింది ఎండాకాలంలో. అప్పటికి మా పెంకుటిల్లు పోయి స్లాబు పడింది. దూలం లేదు. తీగను సామాన్ల అర్రలో మేకుకు తగిలించారు. నేను సెలవు పెట్టి వచ్చాను. ఒక మధ్యాహ్నం ఆమె బాపును పిలిచి తీగ తెమ్మంది. ఎందుకే అమ్మా అని బాపు అడిగాడు.

"సందుగలది ఎక్కియ్యాలె. పని మిగిల్చి పోవద్దని మీ నాయిన చెప్తుండె. ఇగ వాడు రాడు, నాకు ఎరుకైంది."

బాపు తీగ తెచ్చి నా చేతికిచ్చాడు. బయట ట్యాంకరు హారన్ కొట్టింది. బిందెలు తీసుకుని అమ్మ, ఆమె వెంట బాపు పరుగెత్తారు. గదిలో నేనూ నాయనమ్మా మిగిలాం.

"దారాలు కొయ్యి" అంది.

కోశాను. యాభై ఏళ్ళవి, అందులో నేను కట్టినవి రెండు. గుడ్డ విప్పాను. ఆమె చెయ్యి చాచింది. ఇవ్వక తప్పలేదు. కవరును గుండె మీద పెట్టుకుని, బొటనవేలితో అంచులు తడిమింది. మూలలు తడిమింది. వేలు మెల్లగా మధ్యకు వచ్చి ఆగింది.

"గీ బొక్కేందే?"

ఆమె వేలు ఆ చిల్లు చుట్టూ తిరిగింది. వెనక్కి తిప్పి అటువైపు కూడా చూసుకుంది.

"తీగకెక్కింది గిది" అంది. "ఎప్పుడో ఎక్కింది. అంటే ముచ్చట ముగిసింది, జవాబొచ్చింది." మంచంలో లేవబోయింది. ఆమె గొంతులో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. "మీ తాతే ఎక్కిచ్చి మళ్ళ మూటల పెట్టిండు. వేరే ఎవలు ముట్టరు గా తీగ. వాడు జవాబు రాసిండు, గా ముసలోడు నాకు జెప్పకుంట దాసిండు. నా తమ్ముడు మళ్ళొస్తడని దాసిండు. దొంగ! ఇన్నేండ్లు ఒక్క కంచంల తిని..."

నేనెరగని తాత. పని మిగిల్చి పోవద్దన్న తాత. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు. ఆమె ఇంకో వారమో పది రోజులో ఉంటుంది, తమ్ముడు జవాబు రాశాడన్న నమ్మకంతో పోతుంది. తాత ఎలాగూ లేడు, అతనికి ఏ నిందా తగలదు. మళ్ళీ ఎంత చక్కటి వాదన! కానీ నలుగురి ముందు పళ్ళెం కడిగి బోర్లించి వెళ్ళిపోయిన మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఆమె చేత రెండోసారి, చేయనివాడిని దొంగ అనిపించడం నావల్ల కాలేదు.

"తాత కాదు అవ్వా. నేను తీసిన. గది అసలు కవరు కాదు. అసలుది అమ్ముకున్న. కంప్యూటర్ నేర్సుకునేతందుకు."

ఆమె మళ్ళీ వెల్లకిలా పడుకుంది. చూపు లేని కళ్ళు కప్పు వైపు తిప్పింది. బయట ట్యాంకరు పైపు నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ అరుపులు.

"వాణ్ణి అనుమానపడ్డ" అంది చివరికి. "నిన్ను పడలే."

నేను ఏడ్చాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆమె చెయ్యి గుండె మీద కవరు మీదే ఉంది.

"యాడున్నదిప్పుడు?"

అద్దంలో పెట్టారని, హైదరాబాదులో నలుగురూ చూసే చోట పెట్టారని చెప్పాను.

"విప్పిండ్రా?"

"లేదవ్వా. విప్పరు. విప్పితే దాని విలువ పోతదట."

"గది మంచిదే" అంది. "పైన వాని పేరున్నది గద. సదువుతరా అందరు?"

వంగి ముద్రలు చూసిన ముఖాలన్నీ గుర్తొచ్చాయి. నిజం ఒప్పుకున్న నోటితోనే, ఊపిరి తిప్పుకోకముందే, "సదువుతరవ్వా. నిలవడి సదువుతరు" అన్నాను.

"నలుగుర్ల దొంగన్న వాణ్ణి" అంది. "పోనీ, నలుగురు పేరన్న సదువుతున్నరు."

కవరును తడుముకుంటూ నా వైపు చాచింది. "గిది ఎవలదో. దీని పనైతే అయిపోయింది. యాడిదాడ పెట్టు."

తీగకు గుచ్చాను. చిల్లు ముందే ఉంది కదా, సులువుగానే దిగింది.